జేబులో చాకు: ఏది కొనాలి, ఎక్కడ పెట్టుకోవాలి, పోలీసులు ఆపితే ఏం చెప్పాలి

ఫిల్మ్‌నగర్‌లో సెట్ వర్క్ చేసే కుర్రాళ్ల జేబులు చూస్తే ఫోను, యూనియన్ కార్డు, బైకు తాళాలతో పాటు కోసే వస్తువు ఒకటి దాదాపు ఖాయంగా ఉంటుంది. కొందరి దగ్గర పసుపు రంగు ప్లాస్టిక్ కట్టర్, కొందరి దగ్గర కీచైన్‌కి వేలాడే బుల్లి చాకు, ఇంకొందరి దగ్గర బజారులో కొన్న మడత చాకు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి థర్మాకోల్ కోయాలి, ఫోమ్ కోయాలి. లైట్ల వాళ్లకి టేపు తెంపాలి, జెలటిన్ షీటు సైజుకి కత్తిరించాలి. కాస్ట్యూమ్స్ వాళ్లకి దారం, ప్రొడక్షన్ బాయ్స్‌కి పాల ప్యాకెట్లు, పండ్లు. చాకు లేకపోతే వీళ్లకి పని ఆగుతుంది.

చిక్కు పని అయిపోయాక మొదలవుతుంది. షూటింగ్ ప్యాకప్ అయ్యేది రాత్రి పదకొండుకో, పన్నెండుకో. అక్కడి నుంచి షేక్‌పేట్, టోలిచౌకి, యూసుఫ్‌గూడ, బోరబండ వైపు బైకు మీద ఇంటికి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర, రోడ్ నంబర్ 36, 45 వైపు పబ్బులు ఉన్నాయి కాబట్టి రాత్రి పూట తనిఖీలు మామూలే. బైకు ఆపి, బ్యాగు తెరిచి, జేబులో చెయ్యి పెడితే చాకు బయటపడుతుంది. పొద్దున పని సామాను అనిపించుకున్న వస్తువే అర్ధరాత్రి రోడ్డు మీద ఆయుధం అయిపోవచ్చు. పేరు అడిగాక ప్రశ్నలు ఇంకో రెండు ఎక్కువ పడతాయేమో అన్న భయం మన ఇళ్లలో ఉందని వేరే చెప్పక్కర్లేదు. పాతబస్తీలో ఆపరేషన్ చబుత్రా పేరుతో రాత్రి పూట కుర్రాళ్లని స్టేషన్‌కి తీసుకెళ్లి తల్లిదండ్రుల్ని పిలిపించిన సంగతి చాలా కుటుంబాలకి గుర్తే.

అందుకే ఈ వ్యాసం. చాకు వద్దే వద్దు అని చెప్పడానికి కాదు. ఎలాంటిది కొంటే పనికొస్తుందో, ఎలాంటిది కొంటే తలనొప్పి వస్తుందో విడమరిచి చెప్పడానికి.

చాకు అనే మాట

ముందు ఒక చిన్న సంగతి. తెలుగువాళ్లు చాకు అంటారు, ఉర్దూలో చాకూ అంటాం. మాట ఒకటే, ఫార్సీ దారిలో మనకి వచ్చింది. తెలుగులో కత్తి, బాకు, కొడవలి, కత్తిపీట అన్నీ ఉన్నాయి గానీ, జేబులో మడిచి పెట్టుకునే చిన్నదానికి మాత్రం జనం నోట చాకే నిలబడింది. పెన్సిల్ చెక్కే చాకు అని మన నాన్నల తరం అనేది.

ఉక్కు విషయంలో మన ప్రాంతం ఇంకా పెద్ద పేరు మోసింది. నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్ నుంచి వ్యాపారులు వచ్చేవాళ్లు. హెన్రీ వోయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త 1820 ప్రాంతంలో ఆ కొలుములు చూసి రాసిపెట్టాడు. ఆ రాతల్లో ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడ ఉక్కు కొనే ఒక హాజీ ప్రస్తావన కూడా ఉంది. దమిష్కీ తల్వార్ అని ప్రపంచమంతా చెప్పుకునే కత్తులకి దక్కన్ ఉక్కు వెళ్లింది. ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అని రాసుకున్నది మన ఉక్కు అనే మాటే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇదంతా చెప్పింది గొప్పలకి మాత్రమే కాదు. చాకు కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఉక్కునే, పిడి మీద చెక్కిన పువ్వుల్ని కాదు. ఆ ముక్కకి తర్వాత వస్తాను.

రాంపురి గురించి

సంప్రదాయ చాకు అనగానే మనవాళ్ల నోట వచ్చే మొదటి పేరు రాంపురి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నవాబుల కాలం నుంచి అక్కడ కారీగర్లు చేస్తూ వచ్చిన పని అది. పిడిలో దాగిన పొడవాటి బ్లేడు, ఒక మీట, తెరుచుకునేటప్పుడు వచ్చే ఆ చప్పుడు. 1970లు, 80ల హిందీ సినిమాల్లో రౌడీ పాత్ర అంటే చేతిలో అదే. పాత రాంపురిల బ్లేడు 9 నుంచి 12 అంగుళాల దాకా ఉండేది. 1990ల్లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలకు మించిన బ్లేడు తయారీ మీద నిషేధం పెట్టాక ఆ ఊళ్లో వృత్తి కుంగిపోయింది. 2023లో మాత్రం అదే రాంపూర్‌లో నడి కూడలిలో 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టి ప్రారంభోత్సవం చేశారు. చేసేవాళ్లకి పని లేదు, కూడలిలో విగ్రహం ఉంది. మన దేశంలో చేతివృత్తులకి జరిగే మర్యాద ఇలాగే ఉంటుంది.

ఇంట్లో అల్మారాలో దాదాల కాలం నాటి రాంపురి ఉంటే భద్రంగా దాచుకోండి. జేబులో వేసుకుని రోడ్డు మీదకి మాత్రం వద్దు. కారణం సూటిగా ఉంది. మీట నొక్కితే టక్కున తెరుచుకునే చాకు మామిడిపండు కోయడానికి చేసింది కాదని చూసిన ఎవరైనా అనుకుంటారు. పోలీసులూ అలాగే అనుకుంటారు, కోర్టులో ప్రశ్న కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

బార్కస్ వైపు చావుష్ కుటుంబాల్లో పెళ్లిళ్లప్పుడు నడుముకి కట్టే జంబియా సంగతీ ఇంతే. అది యెమెన్ నుంచి వచ్చిన పూర్వీకుల గుర్తు, అందులో తప్పేమీ లేదు. కానీ అది బాకు. రోజూ వెంట పెట్టుకునే వస్తువు కాదు. సిక్కుల కృపాణ్‌కి ఉన్నట్టు మనకీ ఉంటుంది కదా అని కొందరు అడుగుతుంటారు. ఉండదు. కృపాణ్ ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే రాసి ఉంది. అలాంటి మాట ఇంకే కత్తి గురించీ లేదు.

చట్టం ఏమంటోంది

జనంలో తిరిగే లెక్క ఒకటుంది: ఆరు అంగుళాల లోపు అయితే ఏమీ కాదు అని. ఈ ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, చట్టంలో ఉన్న అంకె అది కాదు. 1959 ఆయుధాల చట్టం కింద చేసిన 2016 నిబంధనల్లో, ఆయుధాల జాబితాలో బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు, బాకులు, ఈటెలు వగైరా వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర ప్రయోగాలకి, పరిశ్రమల్లో వాడకానికి చేసినవి ఇందులోంచి మినహాయింపు. అందుకే ఖస్సాబ్ భాయ్ దుకాణంలో పెద్ద కత్తికి, బక్రీద్ నాడు ఇంట్లో వాడే ఛురీకి లైసెన్సు అడగరు.

అయితే 9 అంగుళాలకి తక్కువ ఏదైనా హాయిగా తిప్పుకోవచ్చు అని అర్థం చేసుకుంటే పొరపాటే. చట్టంలో ఆయుధం అనే మాటకి ఇచ్చిన నిర్వచనం పొడవు మీద ఆధారపడలేదు, దేనికోసం తయారైంది అన్నదాని మీద ఆధారపడింది. దాడికి గానీ, ఆత్మరక్షణకి గానీ ఆయుధంగా రూపొందించిన లేదా అలా మార్చిన వస్తువు ఆయుధం. ఇక్కడ గానీ, గానీ అన్న రెండు మాటలు జాగ్రత్తగా చదవండి. చాలామంది కుర్రాళ్లు పోలీసులు అడిగితే, సేఫ్టీ కోసం పెట్టుకున్నా సార్ అంటారు. అమాయకంగానే అంటారు. కానీ ఆ ఒక్క మాటతో తమ చాకుని తామే ఆయుధం అని ఒప్పుకున్నట్టు అవుతుంది. రక్షణ కోసం మోసినా అది ఆయుధమే, పండ్లు కోయడానికి మోస్తే పనిముట్టు. నిజంగా పనికోసమే అయితే ఆ మాట చెప్పండి. నిజంగా రక్షణ కోసమే అయితే అసలు పెట్టుకోకండి.

ఇంకో పొర కూడా ఉంది. చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం కేంద్రం ఒక ప్రాంతాన్ని నోటిఫై చేసి అక్కడ చిన్న కత్తులకీ లైసెన్సు పెట్టొచ్చు. ఢిల్లీలో 1980 నుంచి అలాంటి నోటిఫికేషన్ ఉంది. అక్కడ కొలత 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, అంటే పొడవు సరిగ్గా మూడు అంగుళాలు. నిజాముద్దీన్ వెళ్లేవాళ్లు, ఉద్యోగ పరీక్షలకి ఢిల్లీ పోయే పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్‌లో సరే అనుకున్నది తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగగానే సరి కాకపోవచ్చు.

మన నగరంలో కమిషనర్ ఉత్తర్వులు వేరు. ఎన్నికలు, పండగలు, ఊరేగింపులప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం కింద ఆయుధాలు, కర్రలు, కత్తులు పట్టుకు తిరగడం మీద ఆంక్షలు వస్తుంటాయి. ఆ చట్టం పేరులోనే 1348 ఫస్లీ అని ఉంటుంది, అంటే నిజాం కాలం నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. పాత 144 సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 163 కింద కూడా ఉత్తర్వులు ఇవ్వొచ్చు. 2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది. అలాంటి రోజుల్లో ఎన్నికల కోడ్ కారణంగా వాహన తనిఖీలు రెట్టింపు అవుతాయి. వినాయక నిమజ్జనం, మిలాద్ ఊరేగింపు, మొహర్రం రోజుల్లో కూడా చాకు ఇంట్లోనే ఉంచండి. పని ఉన్నా సరే, ఆ రోజుకి సెట్‌లో ఎవరో ఒకరి దగ్గర కట్టర్ దొరుకుతుంది.

అయితే ఏది కొనాలి

రోజువారీ పనికి కావల్సింది అరచేతిలో ఇమిడేది. బ్లేడు 6 నుంచి 7 సెంటీమీటర్లు చాలు. ఆపిల్, పార్శిల్, తాడు, మందుల స్ట్రిప్, టేపు, కొరియర్ డబ్బా అన్నీ దాంతో అయిపోతాయి. మూడు అంగుళాల లోపు ఉంటే ఢిల్లీ కొలతకి కూడా లోపలే ఉంటుంది. ఆ మీద పొడవు పెరిగితే పెరిగేది పని కాదు, అనుమానం.

తెరిచే తీరు అంతకంటే ముఖ్యం. బటన్ ఉన్నవి, స్ప్రింగ్‌తో ఎగిరి తెరుచుకునేవి, ఒంటి చేత్తో విసిరితే తెరుచుకునేవి వద్దు. బ్లేడు మీద గోరు పెట్టే చిన్న గాడి ఉంటుంది చూశారా, రెండు చేతులతో లాగితే తప్ప రానిది, అది తీసుకోండి. పాతకాలం మడత చాకులన్నీ ఇలాంటివే. వెనకాల ఒక ఉక్కు పట్టీ బ్లేడుని నొక్కి పట్టుకుంటుంది, లాక్ ఏమీ ఉండదు. తీసేటప్పుడు కాస్త బిగువు, మూసేటప్పుడు టక్కుమని చప్పుడు. లాక్ లేదు కాబట్టి మొనతో గుచ్చే పని చేస్తే వేళ్ల మీద మూసుకుంటుంది. ఇది లోపం అనుకోకండి. ఇది గుచ్చడానికి కాదు, కోయడానికి అని ఆ వస్తువే చెబుతోంది.

మొన మరీ సూదిలా ఉన్నదాని కంటే గొర్రె పాదంలా కిందికి వంగి మొండిగా ఉన్నది ఇంటికి మేలు. ఒక వైపు పదును, ఒక్కటే. రెండు వైపులా పదును ఉంటే అది బాకు. నలుపు రంగు పూత, పుర్రె బొమ్మలు, రంపం పళ్లు, చేతి వేళ్లకి రింగులు ఉన్నవి ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తాయి. మా తమ్ముళ్ల వయసు పిల్లలకి అవే నచ్చుతాయి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కాబట్టి చట్టబద్ధమే అనుకోవడం సరికాదు, అమ్మేవాడికి ఉన్న బాధ్యత వేరు, మోసేవాడికి ఉన్న బాధ్యత వేరు. చెక్క పిడి, ఇత్తడి చివర్లు, తాతగారి వస్తువులా కనిపించే చాకు చూస్తే మనిషి నవ్వుతాడు. పుర్రె బొమ్మ చాకు చూస్తే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ తేడా చెక్‌పోస్ట్ దగ్గర కూడా పనిచేస్తుంది.

పేరున్న కంపెనీల్లో రెండు చెబుతాను. స్విట్జర్లాండ్ వాళ్ల విక్టోరినాక్స్. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో పెట్టిన కార్ఖానా, 1891లో స్విస్ సైన్యానికి చాకులు ఇచ్చాడు, మనం చూసే ఎర్ర పిడి రకం 1897 నాటిది. అందులో 58 మిల్లీమీటర్ల బుల్లి చాకు బరువు 21 గ్రాములు. చిన్న కత్తెర, గోటి రాపిడి కూడా ఉంటాయి. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులోకి, మేకప్, కాస్ట్యూమ్స్ వాళ్లకి ఇంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం. రెండోది ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్, 1890 నుంచి. గుండ్రటి చెక్క పిడి, ఒక బ్లేడు, అంతే. దానికి నంబర్లు ఉంటాయి. 6 నంబర్ బ్లేడు 7 సెంటీమీటర్లు, 8 నంబర్‌ది ఎనిమిదిన్నర. మనకి 6 చాలు. 1955 నుంచి దీనికి బ్లేడుని బిగించే ఉక్కు రింగు వస్తోంది. రింగు తిప్పకుండా వదిలితే జేబులో తెరుచుకోవచ్చు, కాబట్టి మూశాక రింగు తిప్పడం అలవాటు చేసుకోవాలి. ఇంగ్లాండ్‌లో చదువుకునే పిల్లలకి మాత్రం ఇది పంపొద్దు. అక్కడ సరైన కారణం చూపకుండా పెట్టుకోగలిగేది మూడు అంగుళాల లోపు, లాక్ లేని మడత చాకు ఒక్కటే.

రెండింటికీ నకిలీలు బజారులో కుప్పలు. జుమ్మేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత సామాను మధ్య ఒక్కోసారి అసలైనది దొరుకుతుంది. దొరికినప్పుడు ఈ పరీక్షలు చెయ్యండి. బ్లేడు తెరిచి మొన పట్టుకుని పక్కకి ఊపండి, కదిలితే వదిలేయండి. మూసినప్పుడు మొన పిడి లోపలికి పూర్తిగా దిగిందా, వేలితో రాసి చూడండి, కొంచెం పైకి ఉన్నా జేబు చిరుగుతుంది, వేలు తెగుతుంది. సగం తెరిచి వదలండి, స్ప్రింగ్ పట్టు ఎంతో తెలుస్తుంది. వెలుతురు వైపు పట్టి పిడి, స్ప్రింగ్ మధ్య సందు ఉందేమో చూడండి. కొత్తవి కావాలంటే బేగంబజార్, రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో పనివాళ్ల చాకు అని అడగండి. బిల్లు తప్పకుండా తీసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ దుకాణంలో, ఏ పేరుతో కొన్నామో చూపించడానికి అది ఎప్పుడైనా అక్కరకొస్తుంది.

ఉక్కు రెండు రకాలు. కార్బన్ ఉక్కు తొందరగా పదునెక్కుతుంది, కానీ నిమ్మకాయ, మామిడికాయ కోస్తే నల్లబడుతుంది, వానాకాలం తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ అయితే పదును పెట్టడానికి కాస్త ఎక్కువ సేపు రుద్దాలి, తుప్పు బాధ తక్కువ. చెమట చేతులతో పని చేసేవాళ్లకి, ఎండలో లైట్లు మోసేవాళ్లకి స్టెయిన్‌లెస్ అని చెబుతాను. కార్బన్ ఉక్కు ప్రేమికులు నన్ను తిట్టుకున్నా పర్లేదు.

బీకాం చదివిన అలవాటు కొద్దీ ఒక లెక్క. ఉదాహరణకి 150 రూపాయల చాకు ఏడాదికి వదులై పారేశారనుకుందాం, 1500 రూపాయలది పదేళ్లు నడిచిందనుకుందాం. ఏడాదికి ఖర్చు రెండింటికీ అంతే. పైగా వదులైన చాకు వేలు కోస్తే డాక్టర్ ఫీజు, టీటీ ఇంజెక్షన్, ఒక రోజు బేటా పోవడం ఈ లెక్కలో వేయలేదు. రోజు కూలీ మీద బతికే వాళ్లకి తెగిన వేలే అన్నిటికంటే ఖరీదు.

ఇంతకీ చాలామందికి చాకు అవసరమే ఉండదు. రోజంతా అట్టపెట్టెలు, థర్మాకోల్ కోసేవాళ్లకి బ్లేడు లోపలికి జరిగే కట్టరే మంచిది, మొద్దుబారితే ముక్క విరిచేయొచ్చు. విరిచిన ముక్కని టేపు చుట్టి పారేయాలి, లేకపోతే సెట్ ఊడ్చే అమ్మ చేతికి గుచ్చుకుంటుంది.

సినిమా కత్తులు మరీ ప్రమాదం

ఇది ఫిల్మ్‌నగర్ వాళ్లకే ప్రత్యేకమైన గొడవ. ఫ్యాక్షన్ సినిమాలు, ఫైట్ సీన్ల కోసం వాడే కత్తులు రబ్బరు, ఫైబర్, అల్యూమినియంతో చేస్తారు. వెండి రంగు పూస్తే మూడు అడుగుల దూరం నుంచి అసలుదో నకిలీదో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా, అదే కదా పని. అలాంటి వేటకొడవళ్లు నాలుగు గోనెసంచిలో చుట్టి బైకు వెనకాల పెట్టుకుని కృష్ణానగర్ గదికి తీసుకెళ్తే దారిలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఆ సామాను కంపెనీ బండిలోనే వెళ్లాలి. తప్పదు అంటే ప్రొడక్షన్ మేనేజర్ చేత సినిమా పేరు, సామాను వివరం, తేదీ, ఫోన్ నంబరు రాసిన లెటర్ తీసుకోండి, యూనియన్ కార్డు పక్కనే పెట్టుకోండి. లెటర్ ఇవ్వను అనే మేనేజర్ సామాను మోయమని అడిగే హక్కు కూడా వదులుకున్నట్టే.

సెట్‌లో దొరికిన కత్తి పట్టుకుని రీల్స్ చేయడం ఇంకో పిచ్చి. డమ్మీ కత్తే కదా అని మీరు అనుకుంటారు, వీడియో చూసేవాడికి అది తెలియదు. తల్వార్‌తో బర్త్‌డే కేకు కోసి ఇన్‌స్టాలో పెట్టి కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ల వార్తలు హైదరాబాద్‌లో ఎన్నిసార్లు రాలేదు? అలాంటి వార్తల్లో ఆయుధాల చట్టం 25వ సెక్షన్ అనే మాట తరచూ కనిపిస్తుంది. ఆ కాగితం పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో, గల్ఫ్ వీసాకి పోలీస్ క్లియరెన్స్ అడిగినప్పుడు ఎదురొస్తుంది. ముప్పై సెకన్ల రీల్‌కి చెల్లించే ధర అది.

రోడ్డు మీద ఆపితే

చాకుని ప్యాంటు జేబులో, నడుము దగ్గర, సాక్సులో పెట్టకండి. బ్యాగులో, స్క్రూడ్రైవర్, టేపు, కొలత టేపుతో పాటు ఒకే సంచిలో, మూసి ఉంచండి. పనిముట్ల మధ్య ఉన్న చాకు పనిముట్టులా కనిపిస్తుంది. పని లేని రోజు, దావత్‌కి, హోటల్‌కి, సినిమాకి, పబ్బులు హోటళ్లు ఉన్న వీధుల్లోకి వెళ్లేటప్పుడు బ్యాగులోంచి తీసి ఇంట్లో పెట్టేయండి. మెట్రో ఎక్కాలంటే ఎలాగూ కుదరదు, చెక్‌పోస్ట్ స్టేషన్‌లో అయినా, యూసుఫ్‌గూడలో అయినా స్కానర్‌లో బ్యాగు పెట్టాల్సిందే.

తనిఖీ చేస్తుంటే వాళ్ల చేతికి తగలకముందే మీరే చెప్పండి. సార్, నేను ఫలానా డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తా, టూల్స్ సంచిలో చాకు ఉంది, మీరే తీసుకోండి. మీరు చెయ్యి పెట్టి తీయొద్దు. చీకట్లో చేతిలో చాకుతో కనిపించడం మీకు మంచిది కాదు, వాళ్లకీ మంచిది కాదు. కార్డు చూపించండి, గొంతు పెంచకండి, పరుగెత్తకండి.

స్టేషన్‌కి రమ్మంటే ఏ స్టేషన్ అని అడిగి వెంటనే ఇంటికి చెప్పండి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టేషన్లు వేర్వేరు, ఇంట్లోవాళ్లు రాత్రంతా తప్పు చోట తిరగకుండా ఇది పనికొస్తుంది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లో ఒకరికి తెలియజేయాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. సోదా, స్వాధీనం వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ చెబుతోంది. పంచనామాలో చాకు పొడవు ఎంత రాశారో చూసి గానీ సంతకం పెట్టకండి. 7 సెంటీమీటర్లది 7 అంగుళాలు అయిపోకూడదు. చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగొచ్చు, అందులో సిగ్గేమీ లేదు. వకీలుకి డబ్బుల్లేకపోతే న్యాయ సేవల సంస్థ టోల్‌ఫ్రీ నంబర్ 15100.

అమ్మాయిలకి చాకు ఇవ్వాలా

నైట్ షూట్‌లకి వెళ్లే అమ్మాయిల తల్లులు అడిగే ప్రశ్న ఇది. భయం నిజమే. కానీ చాకు దగ్గరికి వచ్చిన మనిషి మీదే పనిచేస్తుంది, వాడి చేతికి చిక్కితే ఎదురు తిరుగుతుంది. చట్టం సంగతి పైన చెప్పాను, రక్షణ కోసం అన్న మాటే చాకుని ఆయుధం చేస్తుంది. 112కి ఫోన్, లైవ్ లొకేషన్ ఇంట్లో ఇద్దరికి, ప్యాకప్ తర్వాత కంపెనీ బండిలోనే ఇంటి దాకా దింపాలని ముందే మాట్లాడుకోవడం, ఇవి ఎక్కువ పనికొస్తాయి. హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, వేధింపు జరిగితే అక్కడ చెప్పడానికి వెనకాడొద్దు. బుల్లి ఎర్ర చాకు కత్తెర కోసం పెట్టుకుంటే పెట్టుకోండి, దాన్ని నమ్ముకుని మాత్రం చీకటి సందులోకి వెళ్లకండి.

ఇంట్లో

మసీదులోకి, బజారులోకి బాణాలతో వస్తే మొనలు చేత్తో పట్టుకుని నడవమని ముహమ్మద్ ప్రవక్త (స) చెప్పిన సంగతి, ఒర లేని కత్తి ఒకరి చేతికి అందించొద్దన్న సంగతి హదీసుల్లో ఉన్నాయి. పిల్లలకి చాకు మర్యాద నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? మూసి ఇవ్వాలి, పిడి వైపు ఇవ్వాలి, తీసుకున్నాక అవతలివాళ్లు సరే అనేదాకా వదలకూడదు. నమాజుకి వెళ్లేటప్పుడు చాకు ఇంట్లోనో, బండి డిక్కీలోనో. స్కూలు, కాలేజీ బ్యాగులో ఏ పరిస్థితుల్లోనూ ఉండకూడదు. నిన్న నాన్న బ్యాగు అది, పొరపాటున ఉండిపోయింది అనే మాట ప్రిన్సిపాల్ నమ్మడు. రాత్రి ఒకసారి పిల్లల బ్యాగు చూడండి.

బక్రీద్‌కి ఈ చాకు పనికిరాదు. జంతువుకి బాధ తగ్గేలా పదునైన కత్తి వాడాలన్నది మన విధి. ఏడు సెంటీమీటర్ల బ్లేడుతో అది సాధ్యం కాదు. దానికి వేరే ఛురీ, వేరే చెయ్యి ఉండాలి.

పదును సంగతి. మొద్దు చాకే ఎక్కువ గాయాలు చేస్తుంది, ఎందుకంటే బలం పెట్టి నొక్కుతాం, జారుతుంది. సైకిల్ మీద సాన పట్టేవాళ్లు ఇప్పుడు మన గల్లీల్లో తగ్గిపోయారు. వాళ్ల చక్రం పెద్ద కత్తులకి బాగుంటుంది గానీ చిన్న చాకు బ్లేడుని వేడెక్కించి సగం తినేస్తుంది. వెయ్యి గ్రిట్ సానరాయి ఒకటి కొని పెట్టుకోండి. రాయిని నీళ్లలో తడిపి, బ్లేడుని రాయికి సుమారు 20 డిగ్రీల వాలులో ఆనించి, మెల్లగా ఒక వైపు పదిసార్లు, ఇంకో వైపు పదిసార్లు. బలం వద్దు, వాలు మారకుండా ఉంటే చాలు. చివర్లో పాత తోలు బెల్టు వెనక వైపు మీద పదునుకి వ్యతిరేక దిశలో నాలుగుసార్లు లాగండి. కాగితం అంచు పట్టుకుని కోసి చూడండి, చిరగకుండా తెగితే సరిపోయింది. పండు కోశాక తుడిచి మూయాలి. మడత దగ్గర దుమ్ము చేరితే పుల్లతో తీసి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేసి తుడిచేయండి. కొబ్బరి నూనె వేస్తే కొన్నాళ్లకి జిగురు పడుతుంది. బ్లేడు మీద మాత్రం మిషన్ నూనె మిగలకుండా చూడండి, రేపు దాంతోనే జామకాయ కోస్తారు.

ఉమ్రాకో, దుబాయ్‌కో వెళ్లేవాళ్లు చాకు తీసుకెళ్లాలనుకుంటే చెక్-ఇన్ లగేజీలో పెట్టాలి. చేతి బ్యాగులో ఉంటే శంషాబాద్ సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు. బయల్దేరే ముందు రాత్రి బ్యాగు సైడు జేబులన్నీ ఒకసారి తడిమి చూడండి, పని బ్యాగునే ప్రయాణానికి వాడే వాళ్లయితే మరీ ముఖ్యంగా.